తొలి విల్లు తేలికగా ఉండాలి: విలువిద్యపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

విలువిద్య సరదాగా నేర్చుకోవాలనుకునేవారి ప్రశ్నల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాం. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపేశాం. జవాబులన్నీ కుడిచేత్తో నారి లాగేవారిని దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఎడమచేత్తో లాగేవారు కుడి ఎడమలు మార్చి చదువుకోవాలి.

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. రోజూ వ్యాయామం చేస్తాను, ఒంట్లో బలానికి లోటు లేదు. మిత్రుడొకరు తన 40 పౌండ్ల రికర్వ్ విల్లు (కొసలు ముందుకు వంగి ఉండేది) ఇస్తానంటున్నారు. "నీ బలానికి ఇదో లెక్కా" అంటున్నారు. దాంతో మొదలుపెట్టవచ్చా?

జవాబు: వద్దండీ. ఆ విల్లు ఎంత మంచిదైనా మొదటి విల్లుగా మాత్రం వద్దు.

40 పౌండ్లంటే సుమారు 18 కిలోలు. నారిని గడ్డం దాకా లాగి పట్టుకున్నప్పుడు మూడు వేళ్ల మీద పడే భారం అది. ఒకసారి లాగి చూపించమంటే మీరు సునాయాసంగా లాగేస్తారు. అందుకే చాలామంది మోసపోతారు. ఒక పూట సాధనలో 60 బాణాలు వేశారనుకోండి. 40 పౌండ్ల విల్లుతో మొత్తం 2,400 పౌండ్లు, అంటే వెయ్యి కిలోల పైచిలుకు లాగినట్టు లెక్క. 20 పౌండ్ల విల్లుతో అందులో సగం. పైగా లాగిన ప్రతిసారీ గురి చూసేంతసేపు కదలకుండా నిలపాలి. ఆ పని ఎక్కువగా చేయాల్సినవి వీపు మీద రెండు రెక్క ఎముకల మధ్య ఉండే కండరాలు. రోజూ బరువులెత్తేవారికి కూడా అవి ఈ తీరులో పనిచేయడం కొత్తే.

భారం మించితే శరీరం తనకు తోచిన దారి వెతుక్కుంటుంది. విల్లు పట్టిన భుజం చెవి వైపు ఎగబాకుతుంది. నడుము వెనక్కి వంగుతుంది. నారి ముఖం దగ్గరికి రావాల్సింది పోయి తలే నారి దగ్గరికి వెళుతుంది. గురి కుదరకముందే వేళ్లు జారిపోతాయి. కొన్ని వారాలు ఇలాగే వేస్తే ఇదంతా అలవాటుగా దిగబడుతుంది. దాన్ని మాన్పించడం, ఏమీ రానివారికి మొదటి నుంచి నేర్పడం కంటే కష్టం.

మీలాంటివారికి 20 నుంచి 24 పౌండ్లు, కాస్త సన్నగా ఉన్నవారికి 16 నుంచి 20 పౌండ్లు చాలు. సరిపోయిందో లేదో తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. బాణాలు వేసే గీత దగ్గరే, లక్ష్యం వైపు పక్కకు తిరిగి కుర్చీ అంచున కూర్చోండి. పాదాలు నేల మీది నుంచి కొద్దిగా ఎత్తండి. విల్లును పైకీ కిందికీ ఊపకుండా నారిని గడ్డం కిందికి లాగి, పది అంకెలు లెక్కపెట్టి, నారిని వదలకుండా మెల్లగా మొదటి చోటికి తెచ్చేయండి. చేయి వణికినా, లాగడం కోసం విల్లును ఆకాశం వైపు ఎత్తాల్సి వచ్చినా ఆ బరువు మీకు ఎక్కువే.

ఇంకో మాట. లింబు (విల్లుకు పైనా కిందా ఉండే, వంగే భాగం) మీద రాసి ఉండే అంకె, 28 అంగుళాలు లాగినప్పుడు ఉండే బరువు. అంతకంటే ఒక్కో అంగుళం తక్కువ లాగితే సుమారు 2 పౌండ్లు తగ్గుతుంది, ఎక్కువ లాగితే అంతే పెరుగుతుంది. 24 అని రాసి ఉన్న లింబులు, 26 అంగుళాలే లాగేవారి చేతిలో 20 పౌండ్లే. మీ డ్రా లెంత్, అంటే నారిని లాగే పొడవు, తెలియాలంటే చేతులు రెండూ బార్లా చాపి, ఒక మధ్యవేలి కొస నుంచి రెండో మధ్యవేలి కొస దాకా అంగుళాల్లో కొలిచి 2.5తో భాగించండి. 70 అంగుళాలు వస్తే మీది 28. ఇది ఉజ్జాయింపు లెక్క. భంగిమ కుదురుకున్నాక అంగుళం అటూ ఇటూ మారవచ్చు.

విల్లు పొడవు కూడా దీన్నిబట్టే. డ్రా లెంత్ 26 లోపు ఉంటే 64 లేదా 66 అంగుళాల విల్లు, 26 నుంచి 28 మధ్య ఉంటే 66 లేదా 68, 28 నుంచి 30 మధ్య ఉంటే 68 లేదా 70. విల్లు మరీ పొట్టిదైతే పూర్తిగా లాగినప్పుడు నారి మరీ కోణంగా వంగి వేళ్లను నలిపేస్తుంది, చివరి అంగుళంలో భారం ఒక్కసారిగా పెరుగుతుంది.

కొనదలిస్తే లింబులు విప్పి మార్చుకోగల మూడు ముక్కల విల్లే కొనండి. డబ్బు రైజర్ (చేత్తో పట్టుకునే నడిమి ముక్క) మీద పెట్టండి, మొదటి జత లింబులు చవకవే తీసుకోండి. కొన్ని నెలల్లో వాటిని ఎలాగూ మారుస్తారు. మార్చేటప్పుడు ఒక్కో విడతకు 2 నుంచి 4 పౌండ్లకు మించి పెంచవద్దు. మీ మిత్రుడి విల్లు కూడా మూడు ముక్కలదే అయితే, ఐ.ఎల్.ఎఫ్. (వేర్వేరు తయారీదారుల లింబులు, రైజర్లు ఒకదానికొకటి సరిపోయే ప్రామాణిక పద్ధతి) బిగింపు ఉన్న రైజర్ అయితే, దాన్ని తీసుకుని అదే బిగింపు ఉన్న తేలిక లింబులు విడిగా కొనుక్కోవచ్చు. అప్పుడు అది చాలా మంచి బేరం. అన్నిటికంటే మంచిది, మొదటి పది పదిహేను తరగతులు శిక్షణ కేంద్రం వారి విల్లుతోనే వేసి, ఆ తర్వాత కొనడం.

ప్రశ్న: అన్ని పనులూ కుడిచేత్తోనే చేస్తాను. కానీ శిక్షకురాలు నా కళ్లు పరీక్షించి ఎడమచేతి విల్లు పట్టమంటున్నారు. కన్నుకూ చేతికీ సంబంధమేమిటి?

జవాబు: ఆవిడ చెప్పింది సబబే. రెండు కళ్లూ తెరిచి దూరంగా ఉన్న వస్తువును చూసినప్పుడు మెదడు ఒక కంటి చూపునే ప్రధానంగా తీసుకుంటుంది. అది ఏ కన్నో తెలుసుకోవడం సులువు. రెండు చేతులూ ముందుకు చాపి, అరచేతులు కలిపి బొటనవేళ్ల మధ్య చిన్న సందు మిగల్చండి. ఆ సందులోంచి దూరాన ఏదైనా ఒక గుర్తును రెండు కళ్లతో చూడండి. చూపు మరల్చకుండా చేతులను ముఖం దగ్గరికి తెచ్చుకోండి. సందు ఏ కంటి ముందుకు వచ్చి ఆగిందో అదే మీ ప్రధాన నేత్రం. మూడు నాలుగు సార్లు చేసి చూడండి.

కుడిచేత్తో నారి లాగితే బాణం కుడికంటి కింద ఉంటుంది. గురి చూసేది ఎడమకన్ను అయితే బాణం బారు ఒకటి, చూపు బారు ఇంకొకటి అవుతాయి. కళ్ల మధ్య దూరం ఆరేడు సెంటీమీటర్లే కదా అనిపిస్తుంది గానీ, 10 మీటర్ల దూరం వెళ్లేసరికి బాణం అర మీటరుకు పైగా ఎడమకు పోతుంది.

కొత్తగా మొదలుపెట్టేవారికి రెండు చేతులూ ఒకటే. ఈ పని ఏ చేతికీ ఇంకా రాదు కాబట్టి కన్ను చెప్పినట్టు నడుచుకోవడం తేలిక. విల్లు కుడిచేత పట్టి ఎడమచేత్తో నారి లాగండి. వారం పది రోజులు వింతగా ఉంటుంది, తర్వాత సర్దుకుంటుంది. ఎడమభుజానికి పాత దెబ్బ తగిలి ఉండడం వంటి కారణాలతో అలా కుదరకపోతే, కుడిచేత్తోనే లాగుతూ ఎడమకంటి ముందు కళ్లద్దానికి ఒక అపారదర్శక టేపు ముక్క అంటించుకునే మార్గం ఉంది.

ప్రశ్న: అమ్మాయి విల్లుకు నారి ఎక్కించేటప్పుడు విల్లును కాళ్ల మధ్య పెట్టి వంచుతున్నాం. కింది లింబు కాస్త మెలి తిరిగినట్టు కనిపిస్తోంది. బాగుచేయవచ్చా?

జవాబు: ముందు నిజంగా మెలి తిరిగిందో లేదో చూడండి. నారి ఎక్కించిన విల్లును కుర్చీ వీపుకు ఆనించి, వెనక నుంచి ఒంటికన్నుతో చూడండి. నారి పైలింబు నడిమి నుంచి కింది లింబు నడిమి దాకా తిన్నగా సాగాలి. ఒక లింబు కొస దగ్గర నారి పక్కకు జరిగి కనిపిస్తే మెలి ఉన్నట్టే. కొంచెమే అయితే వ్యతిరేక దిశలో చేత్తో మెల్లగా తిప్పి పట్టుకోవడం వల్ల సర్దుకోవచ్చు. పొరలు విడుతున్నా, సన్నటి చీలిక కనిపించినా, వంచితే చిటపట శబ్దం వచ్చినా ఆ లింబును పక్కన పడేయండి. అది ముఖానికి అంగుళాల దూరంలో విరిగే వస్తువు.

కాలు దూర్చి వంచే పద్ధతిలో ఒత్తిడి లింబుకు ఒక పక్కనే పడుతుంది, మెలి తిరగడానికి కారణం అదే. స్ట్రింగర్ అనే తాడు కొనండి. ఖరీదైన వస్తువేమీ కాదు. నారికున్న పెద్ద ముడిని పైలింబు మీదుగా కిందికి జార్చి ఉంచండి. చిన్న ముడిని కింది లింబు కొసలోని గాడిలో పెట్టండి. స్ట్రింగర్ తాడు చివరన ఉన్న తొడుగును కింది లింబు కొసకు తొడిగి, రెండో చివరన ఉన్న రబ్బరు దిమ్మెను పైలింబుకు, నారి ముడికి కాస్త ముందు ఆనించండి. తాడు నేల మీదికి వేలాడాలి. దాన్ని పాదంతో తొక్కిపట్టి, గ్రిప్ (రైజర్ మీద చేత్తో పట్టే పిడి) పట్టుకుని విల్లును నిట్టనిలువుగా పైకి లాగండి. లింబులు వంగుతుంటే రెండో చేత్తో పెద్ద ముడిని పైకి జరిపి గాడిలో కూర్చోబెట్టండి. ముఖం విల్లుకు ఎదురుగా ఉంచకండి. పాదం తీసేముందు రెండు ముడులూ గాడుల్లో సరిగా కూర్చున్నాయో లేదో చూడటం మరచిపోకూడదు.

తర్వాత బ్రేస్ హైట్ కొలవాలి. గ్రిప్‌లో చేయి ఆనే లోతైన చోటు నుంచి నారి దాకా ఉండే దూరం అది. 68 అంగుళాల విల్లుకు సాధారణంగా 8½ నుంచి 9 అంగుళాలు ఉండాలి. విల్లుతో వచ్చిన కాగితంలో వేరే కొలత ఇచ్చి ఉంటే అదే పాటించండి. దూరం తక్కువైతే నారిని విప్పి, ఇప్పటికే ఉన్న మెలి దిశలోనే ఇంకొన్ని మెలికలు వేయండి. నారి పొట్టిదై దూరం పెరుగుతుంది. ఎక్కువైతే కొన్ని మెలికలు విప్పండి. విల్లు వాడనప్పుడు నారి దించే ఉంచండి. ఎండలో నిలిపిన కారులో ఎప్పుడూ వదలవద్దు, లింబుల పొరలను అంటించిన జిగురు వేడికి పట్టు తప్పుతుంది.

ప్రశ్న: బాణాల మీద 500, 800, 1000 అని అంకెలున్నాయి. ఏది కొనాలి? కార్బన్ బాణాలే మంచివంటున్నారు, నిజమేనా?

జవాబు: ఆ అంకె బాణపు కాడ ఎంత వంగుతుందో చెబుతుంది. దాన్ని స్పైన్ అంటారు. కాడను 28 అంగుళాల ఎడంలో ఉన్న రెండు ఆధారాల మీద పెట్టి, నడిమిన 880 గ్రాముల బరువు వేలాడదీస్తారు. అర అంగుళం, అంటే 0.500 వంగితే అది 500 బాణం. ఒక అంగుళం వంగితే 1000. కాబట్టి అంకె పెరిగేకొద్దీ బాణం మెత్తన. దుకాణంలో చాలామంది తికమకపడేది ఇక్కడే.

వేళ్లతో నారి వదిలినప్పుడు బాణం తిన్నగా పోదు. వేళ్ల మీది నుంచి నారి జారుతూ కాస్త పక్కకు తోస్తుంది కాబట్టి కాడ విల్లులా వంగి, రైజర్‌ను తప్పించుకుని, అటూ ఇటూ ఊగుతూ వెళ్లి కొంత దూరంలో కుదుటపడుతుంది. విల్లు బలానికి తగ్గ మెత్తదనం ఉంటేనే ఈ ఊగు సరిగ్గా సాగుతుంది. బాణం మరీ బిరుసైతే, కుడిచేత్తో లాగేవారికి ఎడమకు పోతుంది, ఒక్కోసారి తోక భాగం రైజర్‌ను తాకుతుంది. మరీ మెత్తనైతే కుడికి పోతుంది. 18 నుంచి 24 పౌండ్ల విల్లుతో, 28 నుంచి 30 అంగుళాల బాణానికి తరచూ 900 నుంచి 1200 మధ్య స్పైన్ కుదురుతుంది. ఖచ్చితమైన అంకె కోసం బాణాల తయారీదారు ఇచ్చే పట్టికలో మీ అసలు డ్రా వెయిట్ (మీరు లాగే పొడవు దగ్గర ఉండే భారం), బాణం పొడవు చూసుకోండి. 500 బాణం మీ తేలిక విల్లుకు పనికిరాదు.

పొడవు విషయంలో మాత్రం రాజీ పడవద్దు. మొదటి జత బాణాలు మీ డ్రా లెంత్ కంటే కనీసం 2 అంగుళాలు పొడవుండాలి. పొట్టి బాణాన్ని లాగితే దాని మొన రెస్ట్ (రైజర్ మీద బాణం ఆనే చిన్న ఆధారం) దాటి వెనక్కి వచ్చి విల్లు పట్టిన చేతి వైపు పడవచ్చు. ఆ క్షణంలో నారి వదిలితే బాణం మీ చేతిలోనే దిగుతుంది. కొత్తవారి భంగిమ రోజుకోలా ఉంటుంది, లాగే పొడవూ పెరుగుతూ పోతుంది కాబట్టి ఆ మిగులు అవసరం.

ఇక కార్బన్ సంగతి. తేలిక, వేగం, వంగి ఉండిపోదు. అయినా మొదటి ఆరు బాణాలకు అల్యూమినియం కూడా బాగుంటుంది, దెబ్బతిన్నది చూడగానే కనిపిస్తుంది. చదునైన బల్ల మీద దొర్లిస్తే వంకర బాణం ఎగిరెగిరి పడుతుంది. కార్బన్ బాణం అలా కాదు, పైకి బాగానే ఉండి లోపల చీలి ఉండవచ్చు. అందుకే గట్టి వస్తువుకు గానీ, మరో బాణానికి గానీ తగిలిన ప్రతి కార్బన్ బాణాన్నీ మళ్లీ వేసేముందు పరీక్షించాలి. రెండు కొసలూ పట్టుకుని, ముఖానికి దూరంగా, మెల్లగా విల్లులా వంచండి. పావు చుట్టు తిప్పి మళ్లీ వంచండి. అలా నాలుగు వైపులా చూడండి. సన్నని చిటచిట వినిపించినా, కాడ మీద వెంట్రుకంత గీత కనిపించినా ఆ బాణం పని అయిపోయింది. చీలిన చోట వేలితో తడమకండి, కార్బన్ నూలుముళ్లు చర్మంలో దిగితే తీయడం కష్టం. ఇంకెవరూ పొరపాటున వాడకుండా మొన తీసేసి ఆ కాడను విరిచి పారేయండి.

బాణం తోకలో నారి ఇమిడే గాడి, అంటే నాక్, నారికి ఎంత గట్టిగా పట్టుకోవాలన్నది కూడా చూసుకోవాలి. బాణాన్ని నారికి తగిలించి నేల వైపు వేలాడదీయండి. తన బరువుకు తాను పడిపోకూడదు. నాక్‌కు అంగుళం దూరంలో నారిని వేలితో ఒక్కసారి కొడితే రాలిపోవాలి. మరీ వదులైతే పూర్తిగా లాగినప్పుడు ఊడిపోతుంది, మీరు ఖాళీ నారి వదిలినట్టవుతుంది. బాణం తీసుకెళ్లాల్సిన శక్తి అంతా అప్పుడు లింబుల్లోనే మిగిలి వాటిని చీలుస్తుంది. ఖాళీ విల్లును లాగి వదలకూడదనే నియమం అందుకే.

ప్రశ్న: నారి తగిలి ఎడమ ముంజేయి కమిలిపోతోంది. ఆర్మ్ గార్డ్ (ముంజేతికి కట్టుకునే రక్షణ పట్టీ) పెట్టుకున్నా పైన మోచేతి దగ్గర తగులుతోంది.

జవాబు: ఇంకా పెద్ద ఆర్మ్ గార్డ్ కొనడం దీనికి మందు కాదు. మోచేయి నారి దారిలోకి వస్తోంది, దాన్ని తప్పించాలి.

తలుపు చట్రానికి ఎదురుగా నిలబడి ఎడమ అరచేతిని భుజం ఎత్తులో దానికి ఆనించండి. చేయి కదల్చకుండా మోచేతిని మాత్రం తిప్పండి. మోచేతి లోపలి మడత ఆకాశం వైపు చూస్తుంటే తప్పు, అది నిలువుగా కుడివైపుకు తిరగాలి. తిప్పినప్పుడు ముంజేయి లోపలి కండ పక్కకు తొలగి ఖాళీ ఏర్పడటం మీకే కనిపిస్తుంది. అరచేయి కదలకుండా మోచేయి ఒక్కటే తిరగడం మొదట్లో కుదరదు. రోజూ రెండు మూడు నిమిషాలు చేస్తుంటే కొద్ది రోజుల్లో పట్టుబడుతుంది. విల్లు పట్టినప్పుడు, లాగడానికి ముందే మోచేతిని అలా తిప్పి పెట్టుకోవాలి. లాగాక తిప్పడం సాధ్యం కాదు.

రెండో కారణం పట్టు. రైజర్‌ను గుప్పిట్లో బిగిస్తే మణికట్టు లోపలికి వస్తుంది, దానితో ముంజేయి నారి వైపు జరుగుతుంది. గ్రిప్ బొటనవేలి మొదట్లో ఉన్న కండ మీద, అరచేతి గీతకు బొటనవేలి వైపునే ఆనాలి. వేలి కణుపులు నేలకు 45 డిగ్రీల వాలులో ఉండాలి, వేళ్లు వదులుగా ఉండాలి. విల్లు చేజారుతుందన్న భయంతోనే చాలామంది బిగిస్తారు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కట్టుకునే ఫింగర్ స్లింగ్ పెట్టుకుంటే ఆ భయం ఉండదు.

రెండూ సరిగా ఉన్నా తగులుతుంటే బ్రేస్ హైట్ కొలవండి. అది తక్కువైతే నారి మరింత ముందుకు వచ్చి ఆగుతుంది. వదులు చేతులున్న చొక్కా వేసుకున్నా తగులుతుంది. అలాగే మెడలో గొలుసు, జేబులో కలం, విరబోసుకున్న జుట్టు నారికి చిక్కుతాయి. ముందే సర్దుకోండి.

ప్రశ్న: లాగుతుండగానే బాణం రెస్ట్ మీది నుంచి పక్కకు పడిపోతోంది. చూపుడువేలితో పట్టుకుని ఆపుతున్నాను.

జవాబు: ఆ వేలితో ఆపడం వెంటనే మానండి. బాణం ఈకలు వేలిని కోస్తాయి. మీ వేళ్లు నాక్‌ను నొక్కుతున్నాయి, లేదా లాగుతుండగా ముడుచుకుంటూ నారిని మెలిపెడుతున్నాయి. చూపుడువేలు నాక్ పైన, మధ్యవేలు, ఉంగరపువేలు కింద ఉండాలి. నారి మొదటి కణుపు మడతలో, చూపుడువేలికి కాస్త లోపలగా కూర్చోవాలి. నాక్‌కు రెండు వైపులా సన్నటి ఎడం వదలండి. నారి లాగే వేళ్లను కాపాడే ఫింగర్ ట్యాబ్‌లో వేళ్ల మధ్య దిమ్మె ఉన్నదైతే ఆ ఎడం దానంతటదే నిలుస్తుంది. వేళ్లతో నారికి వేసే కొక్కెం పట్టును లాగకముందే పూర్తిగా పెట్టుకోండి. అరచేతి వెనక భాగం చదునుగా, మణికట్టు వదులుగా ఉండాలి. లాగే పని మోచేతిది, వేళ్లది కాదు.

ప్రశ్న: ఇంటి మేడ మీద 10 మీటర్ల చోటుంది. అక్కడ సాధన చేయవచ్చా? ఎంత దూరం నుంచి మొదలుపెట్టాలి?

జవాబు: మేడ మీద వద్దే వద్దు. 20 పౌండ్ల విల్లు కూడా బాణాన్ని వంద మీటర్ల అవతలికి పంపగలదు. గురి తప్పిన బాణం ఎక్కడ దిగుతుందో ఎవరికీ తెలియని చోట విల్లు ఎక్కుపెట్టకూడదు. వల కట్టినా కొత్తవారి బాణం వల పైనుంచి పోవచ్చు. ఇంట్లో చేయాల్సిన సాధన వేరే ఉంది: సాగే రబ్బరు పట్టీతో నారి లాగినట్టు లాగి, గడ్డం కింద ఆగి, మెల్లగా దించడం. దీనికి అద్దం ముందు నిలబడండి, భుజాలు ఎత్తుతున్నారో లేదో తెలుస్తుంది.

శిక్షణ మైదానంలో మొదటి రోజుల్లో 5 మీటర్లు చాలు. లక్ష్యం మీద రంగుల కాగితం కూడా వద్దు, బాణాలు దిగే దిమ్మె ఒక్కటే ఉండాలి. కాగితం కనిపిస్తే మనసు నడిమి పసుపు చుక్క మీదికి పోతుంది, భంగిమ గాలికి పోతుంది. ఆరు బాణాలూ ఒక పళ్లెమంత జాగాలో పడుతున్నప్పుడు 10 మీటర్లకు వెళ్లి పెద్ద కాగితం పెట్టండి, తర్వాత 18 మీటర్లు. ఇండోర్ పోటీల్లో 18 మీటర్ల నుంచి 40 సెంటీమీటర్ల కాగితం మీద వేస్తారు. ఒలింపిక్స్‌లో 70 మీటర్ల నుంచి 122 సెంటీమీటర్ల కాగితం మీద వేస్తారు. అందులో పది పాయింట్ల వలయం అడ్డం 12.2 సెంటీమీటర్లు.

మైదానంలో ఈలలు గుర్తుంచుకోండి. రెండు ఈలలకు గీత మీదికి రావాలి, ఒక ఈలకు వేయడం మొదలుపెట్టాలి, మూడు ఈలలకు బాణాలు తెచ్చుకోవాలి. వరసగా ఐదు లేక అంతకు మించి వినిపిస్తే ఉన్నపళంగా ఆపేసి, లాగిన నారిని దించేసి, బాణం తీసేయాలి. బాణం గీత దాటి ముందు పడినా మూడు ఈలలు మోగేదాకా అడుగు వేయకూడదు.

బాణం పీకేటప్పుడే ఎక్కువమంది కళ్లకు ముప్పు తెచ్చుకుంటారు. లక్ష్యం వైపు పరుగెత్తకండి, తోకలు మీ కంటి ఎత్తులోనే ఉంటాయి. పక్కన నిలబడి, వెనక ఎవరూ లేరని చూసి, ఎడమ అరచేతిని బాణం పక్కనే కాగితం మీద ఆనించండి. కుడిచేత్తో కాడను దిమ్మెకు వీలైనంత దగ్గరగా పట్టుకుని, దిగిన దారిలోనే తిన్నగా లాగండి. పైకీ కిందికీ ఊపితే అల్యూమినియం వంగుతుంది, కార్బన్ చీలుతుంది.

ప్రశ్న: బాణాలన్నీ ఒకేచోట పడుతున్నాయి, కానీ మధ్యకు ఎడమగా. సైట్ (గురి చూడటానికి విల్లుకు బిగించే పరికరం) ఎటు జరపాలి?

జవాబు: ఎడమకే. బాణాలు ఎటు పోతే సైట్ అటు జరగాలి: కింద పడితే కిందికి, పైన పడితే పైకి. ఎంత జరపాలన్నది చిన్న లెక్క. మీ కంటి నుంచి సైట్ దాకా 85 సెంటీమీటర్లు ఉందనుకుందాం. 18 మీటర్ల దూరంలో బాణాలు 10 సెంటీమీటర్లు ఎడమగా పడితే, సైట్‌ను దాదాపు 5 మిల్లీమీటర్లు జరిపితే చాలు. కనీసం మూడు విడతల బాణాలు అదే చోట పడ్డాకే ముట్టుకోండి. ఒక్క బాణాన్ని చూసి జరిపేవారు రోజంతా జరుపుతూనే ఉంటారు.

జరిపేముందు ఇంకొకటి చూడండి. పూర్తిగా లాగినప్పుడు కంటి ముందు మసకగా నారి నీడ కనిపిస్తుంది. అది ప్రతిసారీ రైజర్‌కు ఒకే పక్కన, ఒకే దూరంలో ఉందా? తల కొద్దిగా తిరిగినా ఆ నీడ జరిగి బాణాలు పక్కకు పోతాయి. నారి ముక్కు కొసనూ గడ్డం నడిమినీ తాకాలి, చూపుడువేలు దవడ ఎముక కింద గట్టిగా ఆనాలి. ఈ రెండు మూడు తాకిళ్లు ప్రతిసారీ ఒకేలా ఉంటే తల తిరగదు.

ప్రశ్న: మా అబ్బాయికి ఏడేళ్లు. ఇప్పుడే నేర్పించవచ్చా? కాంపౌండ్ విల్లు కొనమంటున్నాడు.

జవాబు: "ఆగు" అనగానే ఆగగలిగే పిల్లలకే విల్లు ఇవ్వాలి. ఎక్కువమందికి ఆ నిదానం ఎనిమిది, తొమ్మిదేళ్లకు వస్తుంది. 10 నుంచి 12 పౌండ్ల చిన్న రికర్వ్, చాలా పొడవైన బాణాలు, పెద్దవారి పర్యవేక్షణ, అరగంట చాలు. కాంపౌండ్ విల్లులో కప్పీలుంటాయి. పూర్తిగా లాగాక పట్టి నిలిపే భారం చాలావాటిలో 65 నుంచి 80 శాతం దాకా తగ్గుతుంది, గురి తేలిక. కానీ లాగే పొడవు ఎవరికి వారికి బిగించాలి, నారి మార్చాలంటే లింబులను వంచి పట్టే ప్రెస్ యంత్రం కావాలి. ఎదిగే పిల్లలకు కొంతకాలం రికర్వే మేలు.

ప్రశ్న: రెండు నెలలుగా వేస్తున్నాను. విల్లు పట్టిన భుజం పైభాగంలో పొడిచినట్టు నొప్పి. కండరాలు అలవాటు పడితే పోతుందా?

జవాబు: వీపు మీద, రెక్క ఎముకల మధ్య అలసట, మర్నాడు కాస్త పట్టేసినట్టుండటం మామూలే. భుజం పైన లేదా ముందు పొడుపు నొప్పి మాత్రం మామూలు కాదు. దాన్ని ఓర్చుకుంటూ వేయవద్దు. భుజం పైకెత్తి లాగినప్పుడు భుజం ఎముకల మధ్య స్నాయువులు నలిగి అలా నొప్పి పుడుతుంది. రెండు వారాలు విల్లు ముట్టకండి. తగ్గకపోతే వైద్యుడికి గానీ ఫిజియోథెరపిస్టుకు గానీ చూపించండి.

మళ్లీ మొదలుపెట్టేటప్పుడు లింబులు 4 పౌండ్లు తగ్గించండి. విల్లు ఎత్తేముందే భుజాన్ని కిందికి దించి అక్కడే ఉంచండి, ఆ తర్వాత చేయి ఒక్కటే ఎత్తండి. మొదటి బాణానికి ముందు పది నిమిషాలు చేతులు గిరగిర తిప్పడం, రబ్బరు పట్టీతో లాగడం తప్పనిసరి. రోజుకు 30 బాణాలతో మొదలుపెట్టి వారానికి కొన్ని చొప్పున పెంచండి. అలసట వల్ల భంగిమ చెదిరిన క్షణంలో ఆపేయండి, ఆ తర్వాత వేసేవన్నీ తప్పు అలవాటుకు నీళ్లు పోయడమే.

ప్రశ్న: సైట్ పసుపు వలయానికి చేరకముందే వేళ్లు వాటంతట అవే వదిలేస్తున్నాయి. ఎంత ప్రయత్నించినా ఆగలేకపోతున్నాను.

జవాబు: దీన్ని టార్గెట్ పానిక్ అంటారు. ఏళ్ల తరబడి వేస్తున్నవారికీ వస్తుంది, కంగారు పడకండి. సైట్ మధ్యకు రాగానే వదలాలన్న తొందర మెదడులో పాతుకుపోయి, చివరకు రాకముందే వదిలేయమంటుంది. గట్టిగా అనుకున్నంత మాత్రాన పోదు. ఆ ముడిని విప్పాలి.

కాగితం తీసేసి 5 మీటర్లకు రండి. దిమ్మె మీద ఏ గుర్తూ ఉండకూడదు. లాగి, గడ్డం కింద ఆగి, రెక్క ఎముకలు దగ్గరవుతున్నట్టు వీపుతో లాగుతూనే వేళ్లను వదులు చేయండి. వదిలాక కుడిచేయి మెడ వైపు వెనక్కి జారాలి, విల్లు చేయి బాణం దిగేదాకా అక్కడే నిలవాలి. వారం పాటు ఇదొక్కటే. రెండో వారం కాగితం పెట్టండి, కానీ వదలవద్దు: లాగండి, సైట్‌ను మధ్యలో నిలపండి, మూడు లెక్కపెట్టి దించేయండి. ఇలా ఐదుసార్లు దించాక ఆరోసారి వదలండి. మూడో వారం మూడుసార్లు దించి ఒకసారి వదలండి. దూరం 10 మీటర్లకు మించనీయకండి.

ఇంత చేసినా పోకపోతే మీ డ్రా వెయిట్ ఒకసారి కొలిపించుకోండి. మోయలేని భారాన్ని త్వరగా దించేసుకోవాలనే చేతుల తొందర కూడా అచ్చం ఇలాగే కనిపిస్తుంది. అలాంటివారికి 4 పౌండ్లు తక్కువ లింబులు పెట్టగానే సగం జబ్బు తగ్గుతుంది. బాణం మొన ఒక చోటికి రాగానే టక్కుమని చప్పుడు చేసే క్లిక్కర్ ఇప్పుడే బిగించకండి. డ్రా లెంత్ స్థిరపడనివారు ఆ చప్పుడు కోసం ఎదురుచూస్తూ ఉలిక్కిపడి వదులుతారు. లాగిన ప్రతిసారీ బాణం మొన రెస్ట్ దగ్గర ఒకేచోట ఆగుతోందని పక్కనున్నవారు చూసి చెప్పగలిగిన రోజున దాని గురించి శిక్షకుడిని అడగండి.